పాత స్ప్లెండర్‌కి ఇంట్లోనే ఇంజను పని: కార్బొరేటర్ జోలికి ఆఖర్న వెళ్దాం

నా బండి 2008 నాటి హీరో హోండా స్ప్లెండర్ ప్లస్. 2019లో గుడివాడలో కొన్నాను. అమ్మినాయన తాళం నా చేతిలో పెడుతూ "సీల్డ్ ఇంజనండీ, ఇంతవరకూ చెయ్యి పడలేదు" అన్నాడు. సెకండ్ హ్యాండ్ బండి కొన్నవాళ్లలో ఈ మాట విననివాళ్లు ఉండరు. ఇంటికొచ్చి డబుల్ స్టాండు వేసి కిందకి వంగి చూశాను. ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు చుట్టూ ఎం-సీల్ ముద్ద (లీకులు మూయడానికి పెట్టేది), ఎండి రాయిలా ఉంది. చెయ్యి పడని ఇంజనుకి ముద్ద ఎవరు పెట్టినట్టు?

నేను గ్రామీణ డాక్ సేవక్‌ని. ముదినేపల్లి చుట్టుపక్కల ఊళ్లకి ఉత్తరాలు, పార్సిళ్లు పంచడం నా పని. రోజుకి ముప్పై అయిదు కిలోమీటర్లు తిరుగుతాను. అందులో సగం కాలువ గట్లు, చేపల చెరువుల మధ్య డొంకలే. రెండో గేరు, మూడో గేరు, ఇంటింటికీ ఆపడం, మళ్లీ ఎత్తడం. హైవే మీద ఒకే స్పీడులో పోయే బండి కంటే ఇలాంటి బండి ఇంజనే ముందు అరుగుతుంది. అది ఆగిన రోజు నా డ్యూటీ ఆగుతుంది, షెడ్డుకి తీసుకెళ్తే ఒక పూట పోతుంది. అందుకని ఇంజను విప్పాల్సిన పనులు తప్ప మిగతావన్నీ అరుగు ముందు కూర్చుని నేనే చేసుకుంటాను. నేర్పింది మా ఊరి షెడ్డు బాబాయి. "స్పానరు తర్వాత పట్టుకుందువుగాని, ముందు కూర్చుని చూడరా అబ్బాయ్" అని చాలా ఆదివారాలు ఊరికే కూర్చోబెట్టాడు.

ఇక్కడ చెప్పేవి స్ప్లెండర్ లెక్కలు. 97.2 సీసీ, గాలికి చల్లబడే ఒక్క సిలిండరు, పడుకోబెట్టినట్టుండే ఇంజను. ఆ రోజుల్లో వచ్చిన సీడీ డాన్, ప్యాషన్ ప్లస్ కూడా ఇదే కుటుంబం. వేరే బండ్ల వాళ్లు నా దగ్గర పనుల వరస తీసుకోండి, అంకెలు మీ మాన్యువల్లోంచి తీసుకోండి.

ఆ వరస కోసమే ఇదంతా రాస్తున్నాను. బండి పొద్దున్నే స్టార్ట్ కాకపోయినా, మిస్సింగ్ కొట్టినా, పికప్ తగ్గినా అందరి చెయ్యీ ముందు వెళ్లేది పెట్రోలునీ గాలినీ కలిపే కార్బొరేటర్ స్క్రూ మీదకే. అది బయటికి కనిపిస్తుంది, స్క్రూడ్రైవర్ ఒక్కటుంటే చాలు, తిప్పగానే శబ్దం మారుతుంది, ఏదో చేశామన్న తృప్తి మిగులుతుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయి గాలి తక్కువ అందుతోందనుకోండి. దానికి సరిపోయేట్టు స్క్రూ తిప్పుతారు. నెల తర్వాత ఎవరో ఫిల్టర్ శుభ్రం చేస్తారు. ఇప్పుడు గాలి ఎక్కువై పెట్రోలు చాలదు, ఇంజను కాలిపోతుంటుంది. దానికి ఇంకోటి తిప్పుతారు. నా చేతికొచ్చేసరికి నా బండి పరిస్థితి ఇదే. అందుకే ముందు ఆయిలు, తర్వాత గాలి, తర్వాత ప్లగ్గు, తర్వాత టాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు. ఈ నాలుగూ సరిగ్గా ఉన్నాయని తేలాకే కార్బొరేటర్. నూటికి తొంభై సార్లు అక్కడిదాకా పోయే పనే పడదని బాబాయి అంటాడు. నా అనుభవంలోనూ దాదాపు అంతే.

మొదటి రోజు: స్పానర్ ముట్టుకోకండి

రాత్రంతా ఆగి ఉన్న బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి వెనక నిలబడి పొగ చూడండి. కొనకముందే చూస్తుంటే ముందు ఇంజను మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీరు రాకముందే స్టార్ట్ చేసి ఉంచారని అర్థం, ఇంకో రోజు పొద్దున్నే వస్తానని చెప్పి వచ్చేయండి.

చలికాలం పొద్దున వచ్చే తెల్లటి ఆవిరి, నాలుగు నిమిషాల్లో ఆగిపోయేది, సైలెన్సర్లో పట్టిన చెమ్మ. దానికి భయపడక్కర్లేదు. నల్ల పొగ అయితే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. నీలం పొగ అంటే ఇంజనాయిలు కాలుతోంది. అది స్టార్ట్ చేసిన కాసేపే వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు (వాల్వుల పక్కనుంచి ఆయిలు దిగకుండా ఆపేవి) పోయాయి. రేస్ చేసినప్పుడల్లా వస్తూనే ఉంటే పిస్టన్ రింగులు అరిగాయి, బండి బోరుకొచ్చింది, అంటే సిలిండరు లోపల పని పడింది. అది ఇంట్లో అయ్యే పని కాదు, దాని ఖర్చు బండి ధరలోంచి తగ్గించుకోండి.

తర్వాత తాళం ఆఫ్ చేసి కిక్కు రాడ్డుని చేత్తో మెల్లగా కిందికి నొక్కండి. ఒకచోట గట్టిగా అడ్డుపడాలి, కాసేపు బరువు ఆనిస్తేగాని దిగకూడదు. ఎక్కడా అడ్డు లేకుండా జారిపోతే కంప్రెషన్ లేదు, అంటే సిలిండర్లో గాలి నొక్కుకోకుండా ఎక్కడో తప్పించుకుంటోంది. నా బండికి అలాగే ఉండేది. చూపించిన ఒక షెడ్డులో "హాఫ్ ఇంజను చేయించాల్సిందే" అన్నారు, అంటే ఇంజను పై సగం విప్పి బోరు, పిస్టన్ పని. అంత డబ్బు లేక బాబాయి దగ్గరికి వెళ్లాను. ఆయన బోరు గురించి ఏమీ అనలేదు. "ఆయిలు మార్చి రా, అప్పుడు చూద్దాం" అన్నాడు. ఆ కథ టాపెట్ల దగ్గర చెప్తాను.

కావాల్సిన సామాను

మంచి రింగు స్పానర్ల సెట్టు ఒకటి. కొత్తవాడి చేతిలో డీ స్పానర్ (నోరు తెరిచి ఉండేది) బోల్టు తల గుండ్రం చేస్తుంది, కటింగ్ ప్లయర్ అయితే చెప్పనే అక్కర్లేదు. ప్లగ్ స్పానర్, టీ స్పానర్, ఫీలర్ గేజి (సందు కొలిచే సన్న రేకుల కట్ట), టాపెట్ కీ. ప్లస్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూ తలలో ఊగకుండా సరిగ్గా కూర్చునేది. తప్పేలా, గరాటు, పాత బనీన్లు, వైరు బ్రష్. డ్రెయిన్ బోల్టు వాషరు, టాపెట్ మూతల రబ్బరు ఓ-రింగులు ముందే తెచ్చి పెట్టుకోండి. రూపాయల్లో దొరికేవే, పని మధ్యలో లేకపోతే బండి విప్పిపెట్టి బస్సెక్కాలి. నేను విజయవాడ వెళ్లినప్పుడు ఆటోనగర్లో ఏడాదికి సరిపడా తెచ్చుకుంటాను. ఒక నోటు పుస్తకం కూడా పెట్టుకోండి. మీటరు అంకె, తేదీ, ఏం చేశాం, ఏం చూశాం, అంతే.

ఆయిలు

కొన్న బండిలో ఉన్న ఆయిలు ఎంత తేటగా ఉన్నా తీసేయండి. అమ్మేముందు నల్ల ఆయిల్లోనే కొంత కొత్తది కలిపే వాళ్లున్నారు.

బండిని ఓ రెండు కిలోమీటర్లు తిప్పి తెచ్చి డబుల్ స్టాండు వేయండి. వేడి ఆయిలు పల్చగా ఉండి అడుగున ఉన్న మడ్డిని కలుపుకుని దిగుతుంది. సైలెన్సర్ బెండు కాలుతుంది, అటువైపు నుంచి చెయ్యి పెట్టకండి. పైన ఆయిల్ కొలపుల్ల వదులు చేసి, కింద తప్పేలా పెట్టి, 17 నంబరు రింగు స్పానర్‌తో డ్రెయిన్ బోల్టు విప్పండి. చాలామంది బోల్టు చంపేది ఇక్కడే. బోల్టు కిందికి చూస్తుంటుంది, మీరు పైనుంచి వంగి చెయ్యి పెడతారు. అప్పుడు విప్పే దిక్కు తారుమారవుతుంది. విప్పుతున్నామనుకుని బిగిస్తారు. బోల్టు ఉక్కు, అది దిగే చాంబరు (ఇంజను కింది భాగం) అల్యూమినియం. ఎవరు ఓడిపోతారో తెలిసిందే. నేల మీద వెల్లకిలా పడుకుని బోల్టు ముఖం చూస్తూ విప్పండి, అప్పుడు మామూలుగా ఎడమకే తిరుగుతుంది.

నా బండికి ఎం-సీల్ కొట్టి బోల్టు తీస్తే దాంతో పాటు అల్యూమినియం మర కూడా స్ప్రింగులా చుట్టుకుని వచ్చేసింది. లేత్ షాపులో ఆ రంధ్రం పెద్దది చేసి, ఉక్కు బుష్ వేయించి, మళ్లీ పాత సైజు బోల్టే పట్టేట్టు చేయించాను. ఆరేళ్లయింది, చుక్క కారలేదు. మీకూ అదే గతి పడితే ఎం-సీల్, టేపులు పెట్టుకుంటూ కూర్చోకండి, దారిలో బోల్టు ఊడితే ఆయిలంతా కారిపోయి ఇంజను పట్టేస్తుంది.

దిగిన ఆయిలుని వెంటనే పారబోయకండి. ఎండలో తప్పేలా కాస్త వంచి చూడండి. నల్లగా ఉండటం తప్పు కాదు. వెండి రంగు మెరుపు కొద్దిగా ఉన్నా పాత ఇంజనుకి మామూలే. వేళ్ల మధ్య నలిపితే గరగరలాడే రవ్వలు, రేకు ముక్కలు కనిపిస్తే లోపల ఏదో విరుగుతోంది. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. వరద నీళ్లలో మునిగిన బండ్లు మా వైపు చాలా అమ్ముడవుతాయి, ఈ రంగు గుర్తుపెట్టుకోండి.

పది నిమిషాలు కారనిచ్చి, కొత్త వాషరు వేసి, బోల్టుని ముందు వేళ్లతోనే పూర్తిగా ఎక్కించండి. వేళ్లకి ఎక్కకపోతే వంకరగా పడింది, తీసి మళ్లీ పెట్టండి. వాషరు ఆనాక స్పానర్ని మధ్యలో పట్టుకుని బిగించండి. స్పానరుకి పైపు తొడిగే అలవాటుంటే ఆ పైపు ఇవాళే పక్కింటివాళ్లకి ఇచ్చేయండి.

షాపులో స్ప్లెండర్‌కి అడిగితే 900 మిల్లీలీటర్ల డబ్బా ఇస్తారు. డబ్బా మొత్తం పోయకండి. విప్పని ఇంజనులో మూలల్లో కొంత పాతది ఉండిపోతుంది కాబట్టి అంత పట్టదు. ఏడొందల దగ్గర ఆపి కొలపుల్ల చూడండి. బండి డబుల్ స్టాండు మీద నిటారుగా ఉండాలి, పుల్ల తుడిచి, మర తిప్పకుండా ఊరికే ఆనించి తీయాలి. రెండు గీతల మధ్య పై గీతకి కాస్త కింద ఉంటే చాలు. ఎక్కువ పోస్తే మేలనుకుంటారు. ఎక్కువైన ఆయిలు ఇంజను లోపలి ఆవిరి పోయే బ్రీదర్ పైపు గుండా ఎయిర్ ఫిల్టర్లోకి పోతుంది, సీళ్ల దగ్గర కారుతుంది.

ఏ ఆయిలు? పాత మాన్యువళ్లలో 20డబ్ల్యూ40 గ్రేడు ఉండేది, తర్వాతి వాటిలో 10డబ్ల్యూ30 వచ్చింది. మీ పుస్తకంలో ఏదుంటే అది. అంతకంటే ముఖ్యం డబ్బా వెనక జాసో ఎంఏ (JASO MA) అని ఉందో లేదో చూడటం. ఈ బండ్లలో క్లచ్ ప్లేట్లు ఇంజనాయిల్లోనే మునిగి ఉంటాయి. కారుకి పోసే జారుడు ఆయిలు పోస్తే క్లచ్ జారుతుంది. మా బావ డ్రైవరు, వాళ్ల కారుకి మిగిలిన ఆయిలు ఊరికే వచ్చిందని తన బండికి పోసుకున్నాడు. వంతెన ఎక్కేటప్పుడు ఇంజను అరుస్తుంటే బండి మాత్రం నడిచి వచ్చింది.

నా ఆయిలు లెక్క రెండున్నర వేల కిలోమీటర్లకోసారి. కంపెనీ చెప్పేది అంతకంటే ఎక్కువే, కానీ నా తిరుగుడు అలాంటిది. తీసిన పాత ఆయిలు కాలువలో పోయకండి. షెడ్డుల దగ్గర డ్రమ్ములుంటాయి, తీసుకుంటారు. కొంచెం ఉంచుకుంటే గేటు మడతబందులకి పనికొస్తుంది.

కుడివైపు కేసింగు లోపల ఇంకో సంగతుంది. స్ప్లెండర్‌లో కార్లకుండే కాగితం ఆయిల్ ఫిల్టర్ ఉండదు. ఒక జల్లెడ, క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) చివర గిరగిరా తిరిగే గిన్నె లాంటి ఫిల్టర్ ఉంటాయి. కవ్వం తిప్పితే వెన్న చేరినట్టు బరువైన మడ్డంతా ఆ గిన్నె అంచుకి చేరి పేరుకుంటుంది. డ్రెయిన్ బోల్టు విప్పినంత మాత్రాన అది బయటికి రాదు. కొన్న కొత్తలో ఒక్కసారి కేసింగు విప్పించి అది గోకించండి. నా దాంట్లోంచి నల్ల హల్వాలా చెంచాలతో తీశారు. ఇది నేను ఒక్కణ్ణే చేయను, బాబాయి షెడ్డులోనే చేస్తాను. మళ్లీ మూసేటప్పుడు అతుకు మధ్య కొత్త గ్యాస్కెట్ తప్పనిసరి. గ్యాస్కెట్ పేస్టు ఎడాపెడా పూస్తే లోపలికి పిండుకుని ముక్కలై జల్లెడకి అడ్డుపడుతుంది.

గాలి

సైడు డోరు తీస్తే ఫిల్టర్ పెట్టె. నురగ స్పాంజి రకమైతే కిరసనాయిల్లో ఉతకాలి, అది దొరకడం కష్టం కాబట్టి నేను డీజిల్ వాడుతున్నాను. పెట్రోలు వద్దు. పిండండి, మెలిపెట్టకండి, చిరుగుతుంది. నీడలో ఆరనిచ్చి, ఇంజనాయిలు పట్టించి, మళ్లీ గట్టిగా పిండి పెట్టండి. జిడ్డుకే దుమ్ము అంటుకుంటుంది, పొడిగా పెడితే దుమ్ము దారి వదిలేసినట్టే.

తర్వాతి మోడళ్లలో నూనె పట్టించిన కాగితం రకం వస్తుంది. దాన్ని గాలి కొట్టించడం, దులపడం చేయకూడదు. పాడైతే మార్చడమే. పెట్రోలు బంకులో గాలి పైపుతో కొట్టించుకునే వాళ్లని రోజూ చూస్తుంటాను.

మాకు డిసెంబరు, జనవరుల్లో వరి కోత మిషన్లు తిరుగుతాయి. రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు. ఆ నెలన్నరలో పట్టే దుమ్ము మిగతా ఏడాదంతా పట్టదు. కోతలు అయిపోగానే మీటరుతో పని లేకుండా ఫిల్టర్ విప్పుతాను. అప్పుడే సిలిండరు రెక్కల మధ్య ఎండిన బురద, ఊక పుల్లతో గీకేస్తాను. ఆ రెక్కలు మూసుకుపోతే గాలికి చల్లబడే ఇంజను దేనికి చల్లబడాలి? వేడి ఇంజను మీద నీళ్లు మాత్రం కొట్టకండి.

ప్లగ్గు

చల్లారాక విప్పండి. విప్పేముందు ప్లగ్గు గుంటలో ఉన్న ఇసుక ఊదేయండి, లేకపోతే అది సిలిండర్లో పడుతుంది. ప్లగ్గు కొన రంగు చూడండి. లేత గోధుమగా ఉంటే అంతా బాగున్నట్టు. పొడి మసి అయితే పెట్రోలు ఎక్కువ లేదా గాలి తక్కువ. తడి జిడ్డు అయితే ఆయిలు పైకి వస్తోంది. సున్నంలా తెల్లగా ఉంటే గాలి ఎక్కువై వేడెక్కుతోంది. ఇంజను లోపలికి చూడ్డానికి మనకున్న కిటికీ ఇదొక్కటే. అందుకే తీసిన వెంటనే ఎమరీ పేపరుతో రుద్దేయకండి, ముందు చూసి పుస్తకంలో రాసుకోండి.

ప్లగ్గు మొనల మధ్య గ్యాపు మాన్యువల్లో ఉన్నంత పెట్టి, ప్లగ్గుని వేళ్లతో తిప్పుతూ ఎక్కించండి. కొత్త ప్లగ్గయితే వాషరు ఆనాక స్పానర్‌తో అర చుట్టు, పాతదైతే పావు చుట్టు లోపే. ఇక్కడా ప్లగ్గు దిగే హెడ్డు (సిలిండరు కొసన ఉండే మూత) అల్యూమినియమే.

టాపెట్లు

నా బండికి బోరు పోయిందన్న షెడ్డువాళ్లని నేను తప్పుపట్టను, లక్షణాలు అలాగే ఉన్నాయి. కంప్రెషన్ లేదు, పొద్దున్నే ఇరవై కిక్కులు కొడితేగాని స్టార్ట్ కాదు. కానీ నీలం పొగ లేదు, ఆయిలు తగ్గట్లేదు. బాబాయికి అనుమానం వచ్చింది అక్కడే. "శబ్దం విను" అన్నాడు. విన్నాను, టకటకమనే శబ్దమే లేదు, సాఫీగా తిరుగుతోంది. "అదే రోగం" అన్నాడు.

వాల్వుకి, దాన్ని నొక్కే రాకరుకి మధ్య వెంట్రుకంత సందు ఉండాలి. మిల్లీమీటర్లో పదో వంతు కూడా ఉండదు, కానీ ఉండాలి. సందు ఎక్కువైతే టకటకా మోగుతుంది, అందరికీ వినిపిస్తుంది, అందరూ బిగిస్తారు. ఏళ్లు గడిచేకొద్దీ వాల్వు తన సీట్లోకి అరుగుతూ దిగుతుంది, అప్పుడు దాని రెండో కొన రాకరు వైపు జరిగి సందు తగ్గిపోతుంది. పైగా మోగుతోందని ఎవరో బిగించి ఉంటారు. చివరికి వాల్వు పూర్తిగా మూసుకోదు. మూసుకోని ఆ ఖాళీలోంచి కంప్రెషన్ పోతుంది, మండే వాయువు తగిలి వాల్వు అంచు కాలిపోతుంది. మోగే టాపెట్టు చెవికి విసుగంతే. మోగని టాపెట్టు హెడ్డు విప్పిస్తుంది.

ఇంజను పూర్తిగా చల్లారి ఉండాలి. నేను రాత్రి ఆపిన బండికి పొద్దున చేస్తాను. ప్లగ్గు తీసేయండి, తిప్పడం తేలికవుతుంది. ఎడమవైపు మాగ్నెట్ కవరు మీద రెండు మూతలుంటాయి, మధ్యది పెద్దది, పైది చిన్నది. రెండూ తీయండి. హెడ్డుకి పైన ఒక టాపెట్ మూత, కింద ఒకటి. పైది పెట్రోలు లోపలికొచ్చే ఇన్‌లెట్ వాల్వు, కిందిది పొగ పోయే ఎగ్జాస్ట్. కిందిది తీసేటప్పుడు కొంచెం ఆయిలు కారుతుంది, గుడ్డ పెట్టుకోండి.

పెద్ద రంధ్రంలోంచి టీ స్పానర్ పెట్టి మాగ్నెట్ నట్టుని గడియారానికి ఎదురు దిక్కులో మెల్లగా తిప్పండి. చిన్న రంధ్రంలో చూస్తుంటే ఒక గీత పక్కన 'టి' అక్షరం వస్తుంది. ఆ గీతని అంచున ఉన్న గుర్తుకి కలపండి. అప్పుడు పిస్టన్ పైకొసన ఉన్నట్టు. ఇక్కడ ఆగి రెండు రాకర్లనీ వేళ్లతో కదిపి చూడండి. రెండూ కొద్దిగా ఆడాలి. ఒకటైనా బిర్రుగా ఉంటే ఇది కంప్రెషన్ వంతు కాదు, పొగ బయటికి పోయే వంతు. ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్లీ 'టి' కలపండి. ఈ ఒక్కటి చూసుకోకుండా టాపెట్లు పెట్టినవాళ్లే మళ్లీ షెడ్డుకి తోసుకుంటూ వస్తారు. రెండో చుట్టులోనూ కదలకపోతే గాభరా పడకండి, మీకు దొరికింది నా రోగమే.

ఫీలర్ గేజిలో మీ మాన్యువల్ అంకె ఉన్న రేకు తీసి వాల్వు కొనకి, అడ్జస్టింగ్ స్క్రూకి మధ్య దూర్చండి. సన్నగా పట్టుకుంటూ జారాలి, పుస్తకం మధ్యలోంచి కాగితం లాగినట్టు. దూరకపోతే లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ తల టాపెట్ కీతో తిప్పండి. రేకు లోపల ఉంచే సరిచేయండి. తర్వాత స్క్రూ కదలకుండా కీతో పట్టుకుని నట్టు బిగించండి. బిగించాక రేకు మళ్లీ పెట్టి చూడండి, నట్టు బిగించేటప్పుడు సందు మారుతుంది. నాకు మొదటిసారి ఆరు సార్లు పట్టింది. ఇప్పటికీ రెండు సార్లు పడుతుంది.

ఆ రోజు నా బండి ఎగ్జాస్ట్‌లోకి ఏ రేకూ దూరలేదు. సరిచేసి, మూతలు పెట్టి, ప్లగ్గు వేసి కిక్కు రాడ్డు చేత్తో నొక్కితే మధ్యలో ఆగింది. మోచేత్తో బరువు వేస్తేగాని దిగలేదు. రెండో కిక్కుకి స్టార్టయింది. హాఫ్ ఇంజను ఖర్చు తప్పింది కాబట్టి ఆ ఏడాది రెండు టైర్లు మార్చగలిగాను.

మూతలకి కొత్త ఓ రింగులు వేసి, ఆయిలు రాసి, చేత్తో బిగించి ఆ తర్వాత కొద్దిగా స్పానర్. ఒక మాట, ఎడమవైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు చర్ చర్ శబ్దం వస్తుంటే అది టాపెట్టు కాదు, టైమింగ్ చైను. అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు డబ్ డబ్ అంటుంటే కనెక్టింగ్ రాడ్డు. ఆ రెండింటికీ షెడ్డే.

ఇప్పుడు కార్బొరేటర్

పై నాలుగూ అయ్యాక కూడా స్లో (యాక్సిలరేటర్ వదిలేసినప్పుడు ఇంజను తిరిగే వేగం) నిలబడకపోతే అప్పుడు దీని సంగతి. ముందు తేలిక పని. పెట్రోలు ట్యాప్ ఆఫ్ చేసి, కార్బొరేటర్ అడుగునున్న డ్రెయిన్ స్క్రూ వదులు చేసి ఒక గాజు సీసాలోకి పట్టండి. దగ్గర్లో బీడీ, పొయ్యి ఉండకూడదు. సీసా అడుగున నీటి బొట్లు, తుప్పు రజను కనిపిస్తే ట్యాంకు, ట్యాప్ జల్లెడ శుభ్రం చేయాలి. ఇప్పుడొచ్చే పెట్రోల్లో ఇరవై శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది, అది చెమ్మ పీల్చుకుంటుంది. 2008 నాటి రబ్బరు దాని కోసం తయారైంది కాదు. పెట్రోలు పైపు వంచితే పగుళ్లు కనిపిస్తే మార్చేయండి. రెండు మూడు వారాలు బండి తీయరనుకుంటే ట్యాప్ ఆఫ్ చేసి కార్బొరేటర్ అడుగునున్న గిన్నె ఖాళీ చేయండి, లోపల పెట్రోలు ఎండి బంకయితే స్లో జెట్టు (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) మూసుకుపోతుంది.

జెట్టు మూసుకుపోతే క్లీనర్ స్ప్రే, గాలి. తీగ, సూది పెట్టకండి, రంధ్రం పెద్దదవుతుంది. గిన్నె స్క్రూలు మెత్తనివి. స్క్రూడ్రైవర్‌ని ఒంటి బరువంతా వేసి నొక్కి తిప్పాలి. నేను తొందరపడి ఒకదాని తల కొరికేశాను, డ్రిల్లు పెట్టి తీయించాల్సి వచ్చింది. ఆ రోజే ఇంకో తప్పు కూడా చేశాను. గాలి పాళ్లు మార్చే ఎయిర్ స్క్రూ ఎన్ని చుట్లలో ఉందో లెక్కపెట్టకుండా విప్పాను. మీరు ముందు దాన్ని లోపలికి, మెల్లగా ఆనేదాకా తిప్పి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకోండి. తిరిగి అన్నే చుట్లు బయటికి. తర్వాత ఇంజను వేడెక్కాక ఒక్కోసారి ఎనిమిదో వంతు చొప్పున అటూ ఇటూ తిప్పి, శబ్దం ఎక్కడ నిండుగా ఉంటే అక్కడ ఆపండి. స్లో ఎక్కువైతే దానికున్న వేరే స్క్రూతో తగ్గించండి. ఆగిపోయేంత తక్కువ స్లో పెట్రోలు మిగులుస్తుందని కొందరు నమ్ముతారు. స్లో మరీ తగ్గితే ఆయిలు ఒత్తిడి తగ్గుతుంది, పైనున్న రాకర్లకి అందదు.

అన్నీ అయ్యాక నేను మా కాలువ లాకుల దాకా వెళ్లి వస్తాను, పోనూ రానూ అయిదు కిలోమీటర్లు. వచ్చి డబుల్ స్టాండు వేసి డ్రెయిన్ బోల్టు కింద, రెండు టాపెట్ మూతల చుట్టూ, ఎడమవైపు గేరు రాడ్డు సీలు దగ్గర వేలు పెట్టి తుడుస్తాను. పది నిమిషాలాగి కొలపుల్ల చూస్తాను, తగ్గితే మిగిలిన డబ్బాలోంచి కొంచెం పోస్తాను. మొన్న రాసుకున్నది ఇది: "మీటరు 71,340. ఆయిలు, ఫిల్టర్. ప్లగ్గు గోధుమ రంగు. ఎగ్జాస్ట్ కొంచెం బిర్రు, సరిచేశాను. ఇన్‌లెట్ ముట్టుకోలేదు. కార్బొరేటర్ ముట్టుకోలేదు."